బరువైన మీట

మా యమ్మాయి యెడమచేతి బొటనవ్రేలి గోరు నల్లబడి, ఊడి, మరల మొలచుటకు అయిదు మాసములు పట్టినది. ఆ గోరు ఊడుటకు మా తొందరపాటే కారణమని చెప్పుకొనుటకు మొదట సిగ్గుపడితిమి. ఇప్పుడు చెప్పుటయే మంచిదని తోచుచున్నది. గాలితుపాకి పట్టి గురిచూచుట నేర్చుకొను బాలికలు నేడు మన నగరములో పలువురు కలరు. వారి తల్లులలో మావలె కొలదిపాటి రాబడితో సంసారము నడుపుకొనువారును కలరు. వారిలో ఒక్కరికైనను మా అనుభవము ఉపకరించినచో చాలును.

మా కాపురము మూసాపేటలో. మాకు ఒకప్రక్క బాలానగరపు లేతుమిషనుల చప్పుడు. మరియొకప్రక్క, 2022లో తెరచిన కైత్లాపూరు వంతెన దాటినచో, హైటెక్ సిటీ అద్దపు మేడలు. మా వారు ఆ మేడలలో ఒకదానియందు రాత్రి కావలివారిపై పెద్దగా నుండి, తెల్లవారిన పిదప ఇల్లు చేరుదురు. మేము ఇంటియొద్ద కుట్టుపని చేయుదుము. అత్తగారు, మేము, ఒక్కగానొక్క పిల్ల: ఇదియే మా సంసారము.

2023లో చైనాదేశపు హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మన హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ పిస్తోలు పోటీలయందు ఒక స్వర్ణమును, మూడు రజతములను గెలిచినది. అంతకుముందే, 2018లో, పదమూడేండ్ల ప్రాయమున ఆమె జాతీయ పోటీలలో పెద్దవారిని మించినది. ఆ వార్త చదివిన నాటినుండి మా పిల్లకు వేరు ధ్యాస లేదు. “ఆడపిల్లకు సూది ఇవ్వవలెను గాని తుపాకి యేమిటమ్మా!” అని అత్తగారు గొణిగిరి. పిల్ల తగ్గలేదు. “సూదిలో దారము ఎక్కించుటయు గురియే కదా, నాయనమ్మా!” అనినది. ఆ మాటకు ఆమెకే నవ్వు వచ్చినది.

ఈ క్రీడ సంగతి ఎరుగని సోదరీమణులకు రెండు మాటలు చెప్పవలెను. పది మీటర్ల గాలితుపాకి పోటీ ఒలింపిక్ క్రీడలలో 1984లో ప్రవేశించినది. ఆ యేటనే స్త్రీలకును ప్రత్యేకముగా పోటీ యేర్పడినది. చిరకాలము స్త్రీలకు 40 గుళ్ళు, పురుషులకు 60 గుళ్ళు అను భేదముండెడిది. 2018 నుండి ఇరువురికిని 60. లక్ష్యపు నడుమ పది అంకెలు తెచ్చిపెట్టు చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అనగా కుట్టుసూది మొన పెట్టిన చుక్కవంటిది. అంత చిన్నదానిని పది మీటర్ల దూరమునుండి కొట్టవలెనన్నచో కన్ను, ఊపిరి, భుజము, వ్రేలు నాలుగును ఒక్కటి కావలెను. బలముతో పనిలేదు. కావుననే ఇది ఆడపిల్లలకు చక్కగా అమరిన క్రీడయని మేము భావింతుము.

మేము కొన్నది స్ప్రింగుతో పనిచేయు దేశవాళి గాలితుపాకి. ఒకరు వాడి విడిచినది. దాని గుండు 4.5 మిల్లీమీటర్లది. గుండు ఆ కొలతను, శక్తి 20 జౌళ్ళను మించనిచో మన దేశమున ఇట్టిదానికి లైసెన్సు అక్కరలేదు. లైసెన్సు లేదు గనుక ఆటవస్తువని మాత్రము ఎవరును తలపరాదు. దగ్గరనుండి తగిలినచో కన్ను పోవును. మా యింట అది బీరువాలో తాళము క్రింద నుండును. గుళ్ళ డబ్బా వేరొకచోట నుండును.

తుపాకి చేతికి వచ్చిన వారమునకే చిక్కు తెలిసినది. మీట మిక్కిలి బరువు. అత్తగారు పూర్వము చింతపండు అమ్మిన కాలపు కొక్కెపు త్రాసు మా యింట నున్నది. శిక్షకుని యెదుట, తుపాకిలో గుండు పెట్టి, గొట్టము లక్ష్యమువైపే యుంచి, ఆ కొక్కెమును మీటకు తగిలించి మెల్లగా వెనుకకు లాగించితిమి. ముల్లు మూడు కిలోల గీత చేరిన తరువాతగాని గుండు వెడలలేదు. మూడు కిలోల బియ్యపు సంచిని ఒక్క చూపుడువ్రేలితో లాగుచు, ఇంచుమించు అంతే బరువున్న తుపాకిని కదలకుండ పట్టుమన్నచో పదునైదేండ్ల పిల్ల యేమి చేయగలదు? గుండు వెడలు క్షణముననే గొట్టము ప్రక్కకు తొలగెడిది. నలుబది గుళ్ళకు నాలుగు వందలు రావలసినచోట 268 వచ్చినవి. సాయంకాలమున అన్నము కలుపుకొనుటకును వ్రేలు నొచ్చుచున్నదని పిల్ల చెప్పెడిది.

అప్పటికే మా వారు ఒక గడువు పెట్టియుండిరి. దసరాలోపల మూడు వందలు దాటినచో శిక్షకుడు పోటీకి పంపును. దాటనిచో తుపాకి అమ్మి, ఆ సొమ్ముతో కంప్యూటరు చదువునకు రుసుము కట్టవలెను. ఆయన మాట కఠినమైనది కాదు. నెలకు వచ్చు రూపాయలు ఎన్నియో, పోవునవి యెన్నియో మాకును తెలియును.

పోటీలకు వాడు విదేశపు తుపాకులలో మీట నూరు గ్రాముల ప్రాంతపు ఒత్తిడికే తెగును. వాని వెల లక్షలమీద మాట. 2012 లండను ఒలింపిక్ క్రీడలలో కాంస్యపతకము తెచ్చిన గగన్ నారంగ్ మన నగరముననే పెరిగినవాడు. అతనికి తుపాకి కొనుటకై తండ్రి స్థలము అమ్మెనని పత్రికలలో చదివితిమి. అమ్ముటకు మాకు స్థలము లేదు. ఉన్న తుపాకినే బాగుచేయించుకొనుట తప్ప వేరు దారి కానరాలేదు.

ఇక్కడనే మేము తప్పుదారి త్రొక్కితిమి. మా బావగారు, అనగా మా వారి యన్నగారు, బాలానగరములో ముప్పది సంవత్సరములు ఫిట్టరుపని చేసినవారు. ఆయన అప్పుడు ఊరికి పోయియుండిరి. వచ్చుదాక ఆగుటకు మాకు ఓపిక లేకపోయినది. ఒక మరమ్మతు దుకాణమునకు పోయి అడుగగా, అచ్చటి కుఱ్ఱవాడు రెండు వందల రూపాయలు పుచ్చుకొని, లోపలి కొక్కెము అంచును ఆకురాయితో రాచి ఇచ్చెను. మీట వెన్నవలె మెత్తనైనది. త్రాసు కట్టి చూడగా ఒక్క కిలో! పిల్ల మురిసిపోయినది. మూడవనాడు 296 కొట్టినది. పోయిన రెండు వందలకు రెండు వేల ఫలము దక్కినదని మేమును పొంగితిమి.

నాలుగవనాడు పిల్ల గొట్టమును వంచి స్ప్రింగు ఎక్కించి, గుండు తీసుకొనుటకై పట్టు వదలినది. మీటను ఎవరును తాకలేదు. కొక్కెము దానంతట అదియే జారినది. వంగియున్న గొట్టము ఒక్కపెట్టున పైకి లేచి, పిల్ల బొటనవ్రేలిని కొట్టినది. ఎముక విరుగలేదు గాని గోరు అప్పుడే నల్లబడినది. మరి రెండు క్షణములు ఆలస్యమైనచో ఆ వ్రేలు గొట్టపు సందున గుండు పెట్టుచు నుండెడిదని, అప్పుడు వ్రేలికొన దక్కెడిది కాదని శిక్షకుడు చెప్పగా మా కాళ్ళు వణకినవి. ఎక్సురేకును మందులకును పదునారు వందలైనవి. ఆ రాత్రి మా వారు ఒక్కమాటయైనను అనలేదు. మమ్ము దూషించినను బాగుండునని తోచినది.

మరుసటి వారము బావగారు వచ్చి, తుపాకి విప్పి, కొక్కెమును అరచేత పెట్టుకొని భూతద్దముతో చూచిరి. “ఇది ఎవరు రాచినారమ్మా?” అని యడిగిరి. చెప్పితిమి. ఆయన కోపగించుకొనలేదు. “నీ ఇత్తడిగిన్నెకు కళాయి పోతే అందులో చారు కాస్తావా?” అనిరి. కాయమంటిమి. “ఇదీ అంతే. ఉక్కు పైపొరకే గట్టిదనము పెడతారు. అది కాగితమంత మందము. దానిని రాచివేస్తే లోపల ఉన్నది మెత్తని ఇనుము. అంత పెద్ద స్ప్రింగును ఆ మెత్తని అంచు ఎన్నాళ్ళు ఆపుతుంది?” అని విడమరచి చెప్పిరి.

ఆ స్ప్రింగు సంగతి తెలిసికొన్నచో మీట యేల బరువగునో కూడ తెలియును. గొట్టమును వంచినప్పుడు లోపలి పిస్టను వెనుకకు పోయి స్ప్రింగును అదుమును. అదిమిన స్ప్రింగు బలము ఒక పెద్దమనిషి బరువంతటిది. దానినంతయు పట్టి నిలుపునది గోరంత కొక్కెము. మీట లాగుట యనగా, అంత బరువు క్రింద నున్న కొక్కెమును జార్చుట. వెలగల తుపాకులలో నడుమ రెండు మూడు చిన్న మీటలు అమర్చి ఆ భారమును పంచుదురు. చవకతుపాకిలో వ్రేలే దానిని భరింపవలెను. కావున చవకతుపాకి మీటను నూరు గ్రాములకు దింపుదమనుట అత్యాశ. ఎంతవరకు తగ్గించిన క్షేమమో అంతవరకే తగ్గింపవలెను.

బావగారు మొదట తయారీదారుల యొద్దనుండి క్రొత్త కొక్కెము తెప్పించి వేసిరి. దాని వెల 450 రూపాయలు. వేరేమియు తాకక, అయిదు పర్యాయములు త్రాసుతో కొలిపించిరి. 2.6, 3.4, 2.9, 3.5, 3.0 కిలోలు వచ్చినవి. ఆ అంకెలను కాగితముపై వ్రాసి పిల్లకు చూపి, “అమ్మడూ, నీకు శత్రువు మూడు కిలోలు కాదు. ఈ తేడా! ఎప్పుడు తెగుతుందో తెలియని మీటకు వ్రేలు భయపడుతుంది. భయపడిన వ్రేలు గుంజుతుంది,” అనిరి. మా కుట్టుమిషనులో దారపు బిగువు ఒక్కొక్క కుట్టునకు ఒక్కొక్క తీరున నున్నచో బట్ట యెట్లు ముడుచుకొనునో మాకు తెలియును. ఆయన మాట మాకు వెంటనే పట్టుబడినది.

పిదప చేసిన పని యంతయు మేమును ప్రక్కన కూర్చుండి చూచితిమి. తుపాకిలో గుండు లేదనియు, స్ప్రింగు ఎక్కియుండలేదనియు రెండుసార్లు చూచుకొని, మరలు విప్పి కొయ్యభాగమును వేరుచేసిరి. స్ప్రింగున్న గొట్టమును మాత్రము విప్పలేదు. దానిని అదిమి పట్టు పనిముట్టు లేక విప్పినచో స్ప్రింగు ఎగిరి ముఖమునకు తగులునట. మీట చుట్టును చూడగా, ఏనాటిదో కొవ్వుమందు ధూళితో కలిసి జిగురువలె గట్టిపడియున్నది. దానిలో రంపపుపొట్టు కూడ నుండెను. కిరసనాయిలుతో, పాత పండ్లకుంచెతో ఆ జిగురును కడిగిరి.

కడిగిన తరువాత మరియొక దోషము బయటపడినది. మీట వచ్చు సందున ఒక అంచు తళతళలాడుచుండెను. వేరొకచోట లేని ఆ తళుకు యేమని అడిగితిమి. మీట ప్రతిసారియు ఆ రేకునకు ఒరసికొనుచున్నదని బావగారు చెప్పిరి. ఆ రేకును కొంచెము సరిచేసి, ఒరపిడి పోవువరకు గరుకుకాగితముతో రుద్దిరి. మీటను మోయు చీలలను మాత్రము సన్నని కాగితముతో నునుపు చేసిరి. కొక్కెము అంచు జోలికి పోనేలేదు. చివరకు మాలిబ్డినమ్ కలిసిన నల్లని కందెనను ఆవగింజంత తీసి, కొక్కెము పిస్టనును తాకుచోట పూసిరి. ఆ కందెన వెల 180 రూపాయలు. గరుకుకాగితమునకు, కిరసనాయిలునకు 60.

తిరిగి కొలువగా అయిదుసార్లును ముల్లు రెండు కిలోలకు ఒక గీత తక్కువగనే నిలిచినది. ఒకటి కిలో తొమ్మిది వందలు! మూడు నుండి రెండునకు కూడ తగ్గినది గాని, మా సంతోషము దానికి కాదు. అయిదుసార్లును ఒక్కచోటనే నిలిచినందుకు. అంతటితో పని ముగియలేదు. రేంజిలో, గుండు లేకుండ స్ప్రింగు ఎక్కించి, గొట్టము లక్ష్యమువైపుంచి, కొయ్యమడమను రబ్బరు సుత్తితో పదిసార్లు తట్టి చూచిరి. కొక్కెము కదలలేదు. ఈ పరీక్షకు నిలువని తుపాకిని, మీట యెంత మెత్తనిదైనను, పిల్లల చేతికి ఇయ్యరాదు. ఆ దినము నుండి మా యింట ఇంకొక కట్టడి కూడ ఏర్పడినది. గుండు పెట్టునంతసేపు రెండవచేయి గొట్టమును విడువరాదు. ఈ జాగ్రత్తకు కాసు ఖర్చు లేదు. ముందుగనే పాటించియున్నచో గోరు దక్కెడిది.

మిగిలిన బరువు వ్రేలిలోనే యున్నదని శిక్షకుడు తేల్చెను. మా పిల్ల మీటను పైకొసను, వ్రేలి కణుపుతో పట్టుకొని లాగుచుండెడిది. మీట అడుగుకొసను, వ్రేలి మొదటి కండ నడుమతో, తిన్నగా వెనుకకు ఒత్తుమని అతడు నేర్పెను. తలుపును బందుల దగ్గర నెట్టుటకును, గొళ్ళెము దగ్గర నెట్టుటకును ఎంత భేదమున్నదో అంత భేదము ఇందున్నది. ఖాళీగా పేల్చినచో ఇట్టి స్ప్రింగు తుపాకికి చేటు. కావున ఇంటియొద్ద అభ్యాసమునకు తుపాకి తీయవలదనెను. మరి యెట్లనగా, ఆ కొక్కెపు త్రాసునే గోడమేకునకు కట్టి, దాని కొక్కెమును వ్రేలితో ఒక్క తీరున లాగుచు, ముల్లు రెండు కిలోలు చేరువరకు ఊపిరి బిగబట్టక నిలుపవలెను.

ఈ అభ్యాసమునకు మా అత్తగారే గురువైరి. తుపాకి వద్దన్న ఆమెయే ప్రతిదినము సంధ్యదీపము పెట్టిన పిదప పీటవేసికొని త్రాసు యెదుట కూర్చుండి, “ఒకటి... ఒకటిన్నర... మెల్లగా... అదిగో, దుమికినావు! మళ్ళీ!” అని పిల్లను సరిదిద్దెడివారు. చింతపండు తూచిన కన్నులు గనుక ముల్లు ఒక్క గీత అదరినను ఆమెకు తెలియును. గోరునకు కట్టు కట్టియున్న దినములలో కూడ, కుడిచేతికి పనియున్నదని, ఆ అభ్యాసము మానలేదు.

మీట యెంత తేలికయైన అంత మేలని తలచువారికి ఒక సంగతి విన్నవింతుము. ఈ క్రీడ నియమములే ఆ తలపును అంగీకరింపవు. పది మీటర్ల గాలి పిస్తోలునకు మీట బరువు 500 గ్రాములకు తగ్గరాదు. ఈషా సింగ్ పతకములు గెలిచిన 25 మీటర్ల పిస్తోలునకు 1000 గ్రాములకు తగ్గరాదు. పోటీకి ముందు పిస్తోలు మీటకు బరువు వ్రేలాడగట్టి చూతురు. నిలుపలేనిచో ఆ ఆయుధమును వాడనీయరు. గాలితుపాకికి ఇట్టి కనీసపు బరువు లేదు గాని, లక్షల తుపాకిలోని నూరు గ్రాములు మంచి అమరిక వలన వచ్చినవి. ఆకురాయి వలన వచ్చినవి కావు.

దసరా ముందటి ఆదివారము పిల్ల 311 కొట్టినది. గొప్ప అంకె కాదు. ఒలింపిక్ క్రీడలకు పోవువారి లెక్కలో అది అసలు లెక్కకే రాదు. మా యింట మాత్రము ఆ దినము పాయసము వండితిమి. మా వారు లక్ష్యపు కాగితములను ఒక్కొక్కటిగా దీపము దగ్గర పట్టి చూచి, ఏమియు అనక, కంప్యూటరు చదువునకు దాచిన సొమ్ములోనుండి రెండు డబ్బాల గుళ్ళకు డబ్బు తీసి ఇచ్చిరి. చదువు సంగతి మాత్రము వదలలేదు. వచ్చు వేసవిలో చేర్పింతమనిరి. పిల్ల సరేయనినది.

లెక్క చూచినచో, సరియైన పనికి మాకు 690 రూపాయలైనవి. చవకపనికి రెండు వందలు, దానివెంట పదునారు వందలు, ఒక గోరు, పెక్కు నిద్రలేని రాత్రులు. చేతిలో డబ్బు తక్కువగా నున్నవారికి తొందర యెక్కువగా నుండును, మేమును ఎరుగుదుము. అట్టివారికి మా మనవి యొక్కటే. మొదట కొలువుడు. పిదప కడుగుడు. ఒరపిడి యెచ్చట నున్నదో వెదకుడు. వ్రేలికి పని నేర్పుడు. కొక్కెము అంచును రాచుటకు, స్ప్రింగును త్రుంచుటకు మాత్రము ఎవరు చెప్పినను ఒప్పుకొనకుడు. పని తెలిసిన పెద్దవారు ఊరినుండి వచ్చువరకు ఆగుడు.

రాచిన ఆ పాత కొక్కెమును మేము పారవేయలేదు. మా కుట్టుమిషను సొరుగులో, గుండీల డబ్బాలో నున్నది. ఎవరైనను ఒక పని తొందరగా, చవకగా ముగించి యిత్తుమనినప్పుడు ఆ డబ్బా మూత తీసి ఒకసారి చూచుకొందుము.